తూనీగకు దారి కాసి



వాలిన తూనీగను ఫొటో తీయడం పెద్ద కష్టం కాదు. కాస్త ఓపికుంటే ఫోన్‌తోనైనా తీయొచ్చు. ముళ్లకంచె మీదో, వరి వెన్ను మీదో, ఎండుపుల్ల కొసనో కూర్చుని తల అటూ ఇటూ తిప్పుకుంటూ మనల్ని చాలాసేపే ఓర్చుకుంటుంది. ఎగిరే తూనీగ సంగతి వేరు. ఖరీదైన కెమెరా మెడలో వేసుకుని పొద్దంతా చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషి ఇంటికి తెచ్చుకునేది చాలావరకు ఖాళీ ఆకాశం, ఖాళీ నీళ్లు, ఎక్కడో ఒక మూల తోక ముక్క. ఈ పూట చెప్పబోయేది ఆ ఎగిరే తూనీగ గురించే. బొమ్మ కనపడని రేడియోలో బొమ్మల గురించి ఏం చెబుతాడని మీకు అనుమానం రావచ్చు. ఈ పనిలో కన్ను చేసేది కొంతే. ముందుగా వేసుకోవాల్సిన లెక్కలే ఎక్కువ. లెక్కలు చెప్పడానికి రేడియో చాలు.

మొదటి లెక్క మన చేతిది. కంటికి కనపడ్డది మెదడుకు తెలిసి, మెదడు వేలికి చెప్పి, వేలు బటన్ నొక్కేసరికి సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. ఇది ఎంత చురుకైనవాళ్లకైనా ఉన్నదే. తూనీగ తాపీగా తిరుగుతున్నప్పుడే సెకనుకు నాలుగైదు మీటర్లు పోతుంది. అంటే, ‘ఇదిగో ఇప్పుడు’ అని మనం అనుకున్న చోటికీ, ఫొటో పడే సమయానికి తూనీగ ఉన్న చోటికీ మధ్య దాదాపు ఒక మీటరు దూరం. దగ్గరగా పెట్టుకున్న లెన్స్‌లో ఆ మీటరు వెడల్పు పట్టదు. ఖాళీ నీళ్ల ఫొటోలన్నిటికీ కారణం అదే.

రెండో లెక్క రెక్కలది. సాధారణంగా తూనీగ సెకనుకు ముప్పై సార్లు, కాస్త అటూ ఇటూగా, రెక్కలు కొడుతుంది. ఈగ, దోమలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. దోమ వందల సార్లు కొడుతుంది. అయినా నాలుగు సెంటీమీటర్ల రెక్క అంత వేగంగా పైకీ కిందికీ పోతుంటే దాని కొస సెకనుకు సగటున రెండున్నర మీటర్లు తిరుగుతుంది. ఊపు మధ్యలో ఇంకా ఎక్కువ. కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే ఆ కాస్త వ్యవధిలోనే రెక్క కొస రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు జరిగిపోతుంది. ఫొటోలో ఆ మేరకు అలుక్కుపోతుంది. నాలుగు వేలో వంతుకు పోతే ఒక మిల్లీమీటరు లోపు. రెక్కల మీద ఆ సన్నటి ఈనెల వల కూడా విడివిడిగా కనపడాలంటే అక్కడికి చేరాలి, లేదా ఫ్లాష్ వాడాలి.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఉయ్యాల ఆ చివరికి పోయి, వెనక్కి తిరిగే ముందు ఒక్క లిప్త ఆగుతుందే, రెక్క కూడా అంతే. పైకి పోయినప్పుడు ఒకసారి, కిందికి వచ్చినప్పుడు ఒకసారి ఆగుతుంది. సెకనుకు ముప్పై ఊపులంటే అరవై ఆగుళ్లు. ఆ ఆగులో షట్టర్ పడితే వెయ్యో వంతులోనైనా రెక్క చెక్కినట్టు వస్తుంది. ఒకే చోట, ఒకే వెలుగులో, ఒకే కెమెరా అమరికతో వరసగా తీసిన ఫొటోల్లో ఒకదాంట్లో రెక్కలు తేటగా, పక్కదాంట్లో పొగలా కనపడితే కెమెరాను అనుమానించక్కర్లేదు. ఇంకో సంగతి. తూనీగ ముందు జత రెక్కలు, వెనక జత రెక్కలు చాలాసార్లు కలిసి కొట్టవు. చాలా కీటకాల్లో కండరాలు మొండేన్ని నొక్కి వదులుతుంటే ఆ కదలికకు రెక్కలు ఊగుతాయి. తూనీగకు కండరాలు నేరుగా రెక్క మొదళ్లకే అతుక్కుని ఉంటాయి. నాలుగు రెక్కలనూ వేరువేరుగా నడపగలదు. గాలిలో ఒకే చోట నిలబడ్డప్పుడు ముందు జత పైకి పోతుంటే వెనక జత కిందికి వస్తుంటుంది. చప్పున లేవాల్సి వచ్చినప్పుడు, ఎక్కువ బలం కావాల్సినప్పుడు రెండు జతలూ దగ్గరదగ్గర కలిసి కొడతాయి. అందుకే మంచి ఫొటోల్లో కూడా తరచుగా ఒక జత స్పష్టంగా, ఇంకో జత మసగ్గా ఉంటుంది.

నన్నడిగితే అలాంటి ఫొటోనే మేలు. నాలుగు రెక్కలూ గాజుపలకల్లో బిగించినట్టు నిలిచిపోయిన ఫొటో చూసినప్పుడు మొదట ఆశ్చర్యం కలుగుతుంది, రెండోసారి చూస్తే దాన్ని గాలిలో వేలాడదీశారేమో అనిపిస్తుంది. కన్ను, ముఖం, మొండెం తేటగా ఉండి రెక్కల కొసలు కాస్త చెదిరితే అది ఎగురుతోందని నమ్మకం కుదురుతుంది. పోటీలకు పంపేవాళ్లు దీన్ని ఒప్పుకోరని తెలుసు.

ఇక ఈ పని ఎప్పటినుంచి ఉందో కొంచెం చెప్పుకుందాం. పారిస్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శరీరశాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దం చివర్లో పక్షుల నడక, ఎగరడం వరస ఫొటోల్లో పట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన లూసియెన్ బుల్, డబ్లిన్‌లో పుట్టినవాడు, 1904 నాటికి సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీసే యంత్రం తయారు చేశాడు. తిరిగే డ్రమ్ముకు ఫిల్ము చుట్టి, షట్టర్ బదులు విద్యుత్ నిప్పురవ్వల వెలుగు వాడాడు. రవ్వ మెరిసినంతసేపే ఫిల్ము మీద వెలుగు పడుతుంది, కాబట్టి ఎంత వేగమైన రెక్కైనా నిలబడుతుంది. ఆ తర్వాత 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను ఒక దారికి తెచ్చాడు. అంటే ఇవాళ మన కెమెరా మీద వెలిగే ఫ్లాష్‌లో ఉన్న కిటుకు కూడా అదే. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా, మెరుపు ఎంతసేపన్నదే లెక్క.

ఎగిరే పురుగుల ఫొటోలకు ఒక దారి వేసినవాడు మాత్రం ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ డాల్టన్. 1970ల మొదట్లో ఆయన ముందున్న చిక్కు ఇందాక మనం చెప్పుకున్నదే. మనిషి వేలు ఆలస్యం. వేలు నొక్కాక కెమెరా షట్టర్ తెరుచుకోవడం ఇంకో ఆలస్యం. వేలిని తీసేసి ఆ పని పురుగుకే అప్పగించాడు డాల్టన్. సన్నటి కాంతిరేఖను పురుగు దాటగానే దానంతటదే మీట పడుతుంది. మామూలు షట్టర్ అందుకు సరిపోదని చాలా తొందరగా తెరుచుకునే షట్టర్ ఒకటి చేయించుకున్నాడు. ఫ్లాష్ వెలిగేది సెకనులో ఇరవై అయిదు వేలో వంతు. 1975లో ఆ ఫొటోలతో ‘బోర్న్ ఆన్ ది విండ్’ అనే పుస్తకం వచ్చింది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలలో పెట్టి పంపిన బంగారు పూత రికార్డులో భూమిని పరిచయం చేసే బొమ్మలు నూటికి పైగా ఉన్నాయి. అందులో పూల మధ్య ఎగిరే కీటకం ఫొటో డాల్టన్‌దే. ఆ ఫొటో ఇప్పుడు గ్రహాలన్నిటినీ దాటి పోతోంది.

ఇప్పటి కెమెరాలు డాల్టన్ పడ్డ పాట్లలో చాలా భాగం తప్పించాయి. బటన్ సగం నొక్కి ఉంచితే చాలు, పూర్తిగా నొక్కకముందు గడిచిన క్షణాల ఫొటోలను కూడా దాచిపెట్టే కెమెరాలు వచ్చాయి. 2016లో ఒలింపస్ తెచ్చిన ‘ప్రో క్యాప్చర్’ ఇలాంటిదే. పుల్ల మీంచి తూనీగ లేచింది, మీరు ఆలస్యంగా నొక్కారు, అయినా లేచిన క్షణం కెమెరాలో ఉంటుంది. 2022లో సోనీ కెమెరా ఒకటి కీటకాలను గుర్తుపట్టి ఫోకస్ చేసుకోవడం మొదలుపెట్టింది. చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్లతో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. వాటిలో చాలావరకు బొమ్మను పై వరస నుంచి కింది వరసకు వరుసగా చదువుతాయి. కింది వరసకు వచ్చేలోపు రెక్క జరిగిపోయి, ఫొటోలో వంకర తిరిగిన వింత రెక్క కనపడుతుంది. చాలామంది అది తూనీగకు ఉన్న అవిటితనం అనుకుంటారు. మెకానికల్ షట్టర్ ఉంటే దానికి మార్చుకోండి.

ఇన్ని వచ్చినా చెరువు కట్ట మీద ఖాళీ నీళ్ల ఫొటోలు తగ్గలేదు. కారణం తూనీగ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. దాని ఒక్కో పెద్ద కంటిలో ముప్పై వేల వరకు చిన్నచిన్న కళ్లు ఉంటాయి. తల చుట్టూ దాదాపు అన్ని వైపులా చూస్తుంది. మనకు మసగ్గా పోయే వేగాలు దానికి విడివిడిగా కనపడతాయి. మనం దాని వెంట పడటం మొదలుపెట్టేసరికే అది మన సంగతి చూసి పెట్టుకుంది. దాంతో వేగంలో పోటీకి దిగితే మనం గెలిచేది లేదు.

మరి తూనీగ తన ఆహారాన్ని ఎలా పడుతుంది? ప్రయోగాల్లో గమనిస్తే నూటికి తొంభైకి పైగా వేటలు ఫలిస్తాయని తేలింది. పులికీ సింహానికీ ఆ లెక్క కలలో మాట. రాబర్ట్ ఓల్‌బర్గ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశీలనల ప్రకారం తూనీగ దోమను వెంటాడదు. దోమ ఎటు పోతోందో చూసి, అది చేరబోయే చోటికి తాను ముందే చేరుతుంది. మన పెద్దలు చెప్పే దారి కాయడమే అది. ఎగిరే తూనీగ ఫొటో కూడా దారి కాసే పడాలి. నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇంతే. తక్కినదంతా ఆ దారి ఎక్కడుంటుందన్నదే.

తూనీగల మీద జీవితమంతా పనిచేసిన ఫిలిప్ కార్బెట్ వాటిని రెండు తెగలుగా చూశాడు. ఎక్కువసేపు వాలి ఉండి అప్పుడప్పుడు లేచేవి ఒకటి, ఎప్పుడూ గాలిలోనే ఉండేవి ఇంకొకటి. వాలేవాటితో మొదలుపెట్టడం తేలిక. చెరువులోకి వంగిన ఎండుపుల్ల కొసన నలుపు, పసుపు పట్టీలతో, తోక చివర కాస్త వెడల్పుగా ఉండే పెద్ద తూనీగను మీరు చూసే ఉంటారు. కామన్ క్లబ్‌టెయిల్ అంటారు. దాన్ని లేపితే ఒక చుట్టు చుట్టి అదే పుల్లకు వస్తుంది. మళ్లీ లేపినా అంతే. వరి మడుల దగ్గర మిరపపండు రంగులో ఉండే మగ తూనీగ, మురుగు కాలవల పక్కన నారింజ రంగు రెక్కలతో కనపడే చిన్నవీ ఇలాగే తమ చోటును వదలవు. ఇంకో మగది రాగానే తరిమి, తిరిగి వచ్చి కూర్చుంటాయి. వాలే పుల్లే దాని ఇల్లు. ఆ పుల్ల దగ్గర ఫోకస్ పెట్టి, ఆటోఫోకస్ తీసేసి, లెన్స్‌ను కదలకుండా ఉంచితే తూనీగే ఫోకస్‌లోకి వస్తుంది.

ఇక్కడ కొంచెం గాలి సంగతి చూడాలి. వాలడానికి వచ్చే తూనీగ గాలికి ఎదురుగా వస్తుంది. గాలి దాన్ని ఆపుతుంది, కాబట్టి పుల్లకు దగ్గరగా వచ్చేసరికి బాగా నెమ్మదిస్తుంది, కాళ్లు చాపుతుంది. ఆ క్షణం ఫొటోకు బంగారం. గాలి పుల్ల మీంచి ఎటు పోతోందో ఆ వైపున, పుల్లకు ఒక జానెడు అవతల ఫోకస్ పెట్టుకోవాలి. పుల్ల మీదే పెడితే వాలాక తీసినట్టవుతుంది.

గాలిలోనే ఉండే తెగకు కూడా గాలే తాళం. నిలకడగా గస్తీ తిరిగే తూనీగ గాలికి ఎదురుగా పోయేటప్పుడు నేల మీది లెక్కలో నెమ్మదిగా కదులుతుంది. గాలి ఒక మోస్తరుగా ఉంటే ఒక్కోసారి కదలకుండానే నిలబడుతుంది. గాలిని వీపు వెనక పెట్టుకుని నిలబడితే అది మన వైపు చూస్తూ, మన ముందు ఆగుతుంది. వెలుగు కూడా వెనకనుంచే పడితే ఇక కావాల్సిందేముంది? ఇక్కడ మన ఊళ్ల వాతావరణం ఒక చక్కటి మేలు చేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెలంగాణలో, రాయలసీమలో గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి, నైరుతి నుంచి వస్తుంది. సాయంత్రం సూర్యుడూ పడమరే. వానాకాలం సాయంత్రం నాలుగు తర్వాత, మబ్బు విడిచిన పూట, పడమటికి వీపు పెట్టి నిలబడితే గాలీ వెలుగూ రెండూ ఒకే వైపు నుంచి వస్తాయి. అక్టోబరు గడిచాక గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. అప్పుడు ఇదే మేలు పొద్దున పూటకు మారుతుంది. చెరువుకు ఏ కట్ట మీద నిలబడాలో నిర్ణయించేది ఇదే. చెట్టు నీడ ఎక్కడుందన్నది కాదు.

కోస్తాలో ఈ లెక్క అన్నిసార్లూ కుదరదు. విశాఖపట్నం, కాకినాడ వైపు ఎండ ముదిరాక గాలి సముద్రం మీంచి వస్తుంది, సూర్యుడేమో పడమటికి వాలుతుంటాడు. గాలిని వీపున పెట్టుకుంటే ఎదురు వెలుగు తప్పదు. దానికి బాధపడనక్కర్లేదు. ఎదురు వెలుగులో తూనీగ మొండెం నల్లబడుతుంది గానీ రెక్కలు వెలుగుతాయి. ప్రతి ఈనే కనపడుతుంది. రెక్క కొసన చిన్న ముదురు రంగు మచ్చ ఉంటుంది చూడండి, అదీ స్పష్టంగా వస్తుంది. అది అలంకారానికి ఉన్నది కాదు. ఆ కాస్త బరువు వల్ల, తూనీగ జారుడుగా పోతున్నప్పుడు రెక్క అదరకుండా ఉంటుందని స్వీడన్ శాస్త్రవేత్త నోర్‌బర్గ్ 1972లో చూపించాడు.

కెమెరా అమరికల గురించి ఎక్కువ చెప్పను. ఎండ బాగా ఉన్నప్పుడు ఐఎస్‌ఓ 800, అపర్చర్ ఎఫ్ 8, షట్టర్ సెకనులో 3200వ వంతు. ఇది ఒకదానికొకటి సరిపోయే జోడింపు. వెలుగు తగ్గేకొద్దీ ఐఎస్‌ఓ పెంచుకోండి, షట్టర్‌ను తగ్గించకండి. మూడు వందల మిల్లీమీటర్ల లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే తేటగా వచ్చే లోతు దాదాపు రెండు సెంటీమీటర్లే. తూనీగ రెక్కల వెడల్పేమో ఎనిమిది సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అందుకే అది మనకు ఎదురుగా వస్తున్నప్పుడు తీస్తే ముఖం, నాలుగు రెక్కలూ కలిపి తేటగా వస్తాయి, తోక ఒక్కటే మసకవుతుంది. పక్క నుంచి తీస్తే ఒంటి పొడుగంతా వస్తుంది గానీ అవతలి రెక్కలు పోతాయి. రెండూ కావాలంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే.

నిలబడే కంటే కూర్చోవడం మేలు. తూనీగ కంటిలో పై భాగం ఆకాశం మీద కదిలే వాటిని పట్టడానికి బాగా పదునెక్కి ఉంటుంది. ఆకాశానికి అడ్డంగా లేచిన మనిషి ఆకారం దానికి వెంటనే తెలుస్తుంది. కింద కూర్చుంటే మీ వెనక ఆకాశం ఉండదు. ఫొటోకు వెనక తెరగా అవతలి గట్టు దూరంగా, మెత్తగా వస్తుంది. జమ్ము, తుంగ దగ్గరగా ఉన్న చోట ఆటోఫోకస్ ఆ గడ్డినే పట్టుకుంటుంది, తూనీగను వదిలేస్తుంది. అలాంటి చోటు మానేయండి. జరగాల్సి వస్తే అడ్డంగా జరగకండి, నేరుగా దాని వైపు నెమ్మదిగా వెళ్లండి. 2003లో ‘నేచర్’ పత్రికలో ఒక ఆసక్తికరమైన సంగతి వచ్చింది. ఒక మగ తూనీగ ఇంకో తూనీగ మీదికి పోయేటప్పుడు, ఎదుటిదాని కంటికి తాను కదలనట్టే కనపడే దారిలో వెళుతుందట. ఆ పరిశోధకుల్లో ఒకరు బెంగళూరులో చదువుకుని ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మండ్యం శ్రీనివాసన్. తూనీగ ఈ విద్యను సాటి తూనీగ మీద వాడుతుంది. మనం దాని మీదే వాడవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన తూనీగ గురించి చెబుతాను. వాన వెలిసిన సాయంత్రం బడి ఆటస్థలం మీద, ఊరి బయట ఖాళీ బీడు మీద, నగరంలో ఇంకా ఇల్లు లేవని ప్లాట్ల మీద లేత పసుపు, బంగారు రంగు తూనీగలు గుంపుగా, మనిషి తలకు కాస్త ఎత్తున తిరుగుతూ ఉంటాయి. చాలాసేపు వాలవు. వాలితే కొమ్మకు నిలువుగా వేలాడతాయి. శాస్త్రనామం పాంటాలా ఫ్లేవసెన్స్. ఇంగ్లీషులో వాండరింగ్ గ్లైడర్ అంటారు. ప్రపంచంలో అన్నిటికంటే విస్తారంగా కనపడే తూనీగ ఇదే. వాననీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది. గుంట ఎండిపోయేలోపు, ఒకటిన్నర నెలలోనే, పిల్ల పెరిగి రెక్కలు విప్పుకుంటుంది. ఇంగ్లండు నుంచి వచ్చి మాల్దీవుల్లో ఉండిపోయిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్‌కు ఒక సందేహం వచ్చింది. మంచినీటి చెరువులు దాదాపు లేని ఆ దీవుల్లో ఏటా అక్టోబరులో లక్షల కొద్దీ తూనీగలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఏళ్ల తరబడి తేదీలు రాసిపెట్టుకుని 2009లో తన వాదన బయటపెట్టాడు. అవి దక్షిణ భారతం నుంచి బయలుదేరి, గాలి వాలులో హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతున్నాయి. వాటి తరవాతి తరాలు నైరుతి గాలులతో తిరిగి మన వైపు వస్తున్నాయి. ఒకే తూనీగ పోయి రాదు, తరాలు మారతాయి. అన్నీ కలిపితే పద్నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఒంటి బరువు దాదాపు ఒక గ్రాములో మూడో వంతే.

అంత దూరం పోగలగడానికి కారణం దాని వెనక రెక్కల వెడల్పు. నాలుగు సార్లు కొట్టి, తర్వాత రెక్కలు చాపి అలా జారిపోతుంది. ఫొటో తీసేవాళ్లకు ఇది వరం. జారేటప్పుడు రెక్కలు కదలవు, కాబట్టి వెయ్యో వంతు షట్టర్ కూడా చాలు. ఒంటి వేగానికి తగ్గట్టు కెమెరాను తిప్పుతుంటే సరి. పైగా గుంపు ఒకే చోట వేటాడుతుంది. ఒక్కోటి ఒక్కో గస్తీ దారి పట్టి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతుంది. ఒక తూనీగను ఎంచుకుని కెమెరా తీయకుండా కాసేపు చూడండి. ఎక్కడ మలుపు తీసుకుంటోందో తెలుస్తుంది. మలుపులో వేగం తగ్గుతుంది. ఆ మలుపు దగ్గర కాపు వేయండి.

వీటితో ఇంకో చోట కూడా కలుస్తాం. వాన తర్వాత పార్కింగులో నిలిపిన కారు బానెట్ మీద జంట తూనీగలు తోకతో మళ్లీ మళ్లీ టప్పున కొట్టడం చూశారా? నీటి మీంచి తిరిగివచ్చే వెలుగులో ఒక తీరు ఉంటుంది. తూనీగ నీటిని ఆ తీరును బట్టే గుర్తిస్తుంది. నున్నటి కారు రంగు అలాంటి వెలుగే ఇస్తుంది. ఎరుపు, నలుపు కార్లు నీటి పురుగులను ఎక్కువగా మోసం చేస్తాయని హంగరీ పరిశోధకులు చూపించారు. పాపం, ఆ గుడ్లు ఎండకు మాడిపోవడమే. ఒకే చోట పదేపదే దిగుతాయి గనుక ఫొటో తేలిగ్గా వస్తుంది. ఒకటి రెండు తీసుకుని కారు మీద పాత దుప్పటి ఒకటి కప్పేయండి, అవి అసలు నీళ్లు వెతుక్కుంటాయి.

పెద్ద కెమెరా లేనివాళ్లు ఈ ముచ్చట తమది కాదనుకోవద్దు. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకు 240 బొమ్మలు తీసే స్లో మోషన్ ఉంది. అంటే ముప్పై సార్లు కొట్టే రెక్కకు ఒక్కో ఊపుకు ఎనిమిది బొమ్మలు. ముందు జత, వెనక జత వంతులవారీగా ఎలా కొడుతున్నాయో ఇంట్లో పిల్లలకు చూపించడానికి అది ధారాళంగా సరిపోతుంది. వాలే తూనీగ పుల్ల పక్కన ఫోన్‌ను ఒక రాయికి ఆనించి, రికార్డింగ్ పెట్టి పక్కకు జరగండి. మనుషులు లేనప్పుడే అది బాగా ఎగురుతుంది.

ఒక పద్ధతి మాత్రం నాకు గిట్టదు. పురుగును పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, చలికి మొద్దుబారాక బయటికి తీసి, కొమ్మ మీద పెట్టి తీసే ఫొటోలు. అవి చూడగానే పట్టేయొచ్చు. కాళ్లు కొమ్మను సరిగా పట్టుకోవు, రెక్కలు వాలిపోతాయి. మన చిన్నతనంలో తోకకు దారం కట్టి ఎగరేయడం ఉండేది. అదీ ఇదీ ఒకటే. పిల్లలు తెలియక చేశారు, అంతే తేడా.

చివరగా ఈ ఫొటోల ఉపయోగం. 1933 నుంచి 1936 మధ్య ఎఫ్.సి. ఫ్రేజర్ అనే సైనిక వైద్యుడు మన దేశపు తూనీగల మీద మూడు సంపుటాలు రాశాడు. ఆయనకున్న దారి వలతో పట్టి, చంపి, పెట్టెలో గుచ్చి చూడటమే. 2005లో కె.ఎ. సుబ్రమణియన్ ద్వీపకల్ప భారత తూనీగల మీద బొమ్మలతో చేతిపుస్తకం తెచ్చారు. ఇవాళ అందులో చూసి ఎవరైనా పేరు తెలుసుకోవచ్చు. దేశంలో తూనీగలు, వాటి సన్నటి చుట్టాలు కలిపి ఐదు వందల రకాల దాకా ఉన్నాయి. వాలే రకాలన్నీ ఎవరో ఒకరి ఫోన్‌లోకి ఎక్కుతూనే ఉంటాయి. ఎప్పుడూ గాలిలో తిరిగే రకాలు, ఎత్తున పోయేవి, చీకటి పడేముందు చెరువు మీద గస్తీ తిరిగే పెద్దవి మాత్రం అంత సులభంగా నమోదు కావు. వాటి విషయంలో మసకగా వచ్చిన ఎగిరే ఫొటో కూడా పనికొస్తుంది. వెనక రెక్క మొదట్లో ముదురు ఎర్ర మచ్చ ఉందా లేదా అన్నది కనపడితే చాలు, ట్రామియా అనే తూనీగను పాంటాలా నుంచి విడదీయొచ్చు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువైనా, మీ ఊరి మత్తడి పక్కన వాననీటి గుంటైనా సరే. అక్కడ తీసినదాన్ని ఐనాచురలిస్ట్ లాంటి ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు అందం చూసి ఎంచకండి, గుర్తులు కనపడే ఫొటో పెట్టండి. పక్కన తేదీ, ఊరు, నీరు నిలిచి ఉందా పారుతోందా, గాలి ఎటు వీస్తోంది అన్నవి రాయండి. ఆండర్సన్ మాల్దీవుల్లో చేసింది తేదీలు రాసుకోవడమే. పాంటాలా మన ఊళ్ల నుంచి ఏ వారంలో బయలుదేరుతుందో చెప్పడానికి ఈ వైపు నుంచి కూడా తేదీలు కావాలి.